మన పిలకాయల చేతికి ఏ కథలిద్దాం?

(పల్లెలో గ్రంథాలయం గది తెరిచిన రోజు చేసిన ప్రసంగ పాఠం)



ఈ గది మనం కట్టుకున్నది. ఇటుక మోసింది మనవాళ్ళే, గోడలకు సున్నం కొట్టింది మనవాళ్ళే. బీరువా కూడా వచ్చింది. ఇక అందులో ఏం పెట్టాలన్నది మిగిలింది. నిన్న రాత్రి సంఘం మీటింగులో దీనిమీదే చానాసేపు వాదన నడిచింది. గ్రూప్స్ పుస్తకాలు, డిఎస్సీ గైడ్లు కొనాలని కొందరన్నారు. ముందు బాబాసాహెబ్ సంపుటాలు ఉండాలని కొందరన్నారు. 1989 అట్రాసిటీ చట్టం పుస్తకం ప్రతి పల్లెలో ఉండాల్సిందేనని కొందరన్నారు. అన్నీ సబబైన మాటలే. మేం ఇంకొక్క మాట కలపడానికి లేచాం. వసూలైన డబ్బులో మూడో వంతు తీసి తొమ్మిదేళ్ళ నుంచి పదమూడేళ్ళ పిలకాయల కథల పుస్తకాలకు పెట్టాలి. ఈ మాట మేం ఎందుకు అంటున్నామో, ఏ పుస్తకాలు కొనాలంటున్నామో చెప్పి కూర్చుంటాం.

కథల పుస్తకాలా, అవి చదివితే ఉద్యోగం వస్తదా అని ఒక పెద్దాయన అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. కూలి డబ్బులో పది రూపాయలు తీసి చందా ఇచ్చిన మనిషికి ఆ ప్రశ్న అడిగే హక్కుంది. దానికి మేం బడిలో చూస్తున్న సంగతితోనే జవాబు చెప్తాం.

అక్షరాలు రావడం వేరే, చదవడం వేరే. మూడో తరగతికో నాలుగో తరగతికో పిల్లకి అక్షరాలు కూడబలుక్కోవడం వస్తది. ఆ తర్వాత నాలుగైదేళ్ళలో రెండిట్లో ఒకటి జరుగుద్ది. ఇష్టంగా చదివేది చేతికి దొరికితే ఆ పిల్ల చదువరి అవుద్ది. దొరక్కపోతే పాఠ్యపుస్తకంలో ప్రశ్నకు జవాబు ఎక్కడుందో వెతికి గీత గీసుకునే దగ్గరే ఆగిపోద్ది. పదో తరగతిలో తప్పిన పిలకాయల్ని చూడండి. లెక్క రాక తప్పినవాళ్ళలో సగం మందికి లెక్కలో ఏమడిగారో చదివితే అర్థం కాలేదు. అగ్రకులాల ఇళ్ళల్లో తాతల కాలం నుంచీ పుస్తకాలున్నాయి, పత్రికలు వస్తన్నాయి. మన ఇళ్ళల్లో రేషన్ కార్డూ, బ్యాంకు పుస్తకమూ తప్ప అచ్చు కాయితం లేదు. ఆ తేడా ట్యూషన్ తో పూడదు. చిన్నప్పుడే వంద కథలు చదివితే పూడుద్ది.

ఈ వయసుకి ఇంకో సంగతి కూడా ఉంది. అయిదో తరగతి దాకా మన పిలకాయలు పల్లె బడిలో ఉంటారు. ఆరో తరగతికి ఊళ్ళో హైస్కూలుకి పోతారు. స్కాలర్ షిప్పు కాయితాలప్పుడు పేర్లు పిలుస్తారు, ఎస్సీలు లేచి నిలబడండి అంటారు. మన పిల్లకి కులం సంగతి క్లాసంతా చూస్తుండగా తెలిసేది అక్కడే. నేనెవరు, మా అమ్మ పని ఎందుకు తక్కువ, మా ఇంట్లో కూర పేరు చెప్తే వీళ్ళు ఎందుకు నవ్వుతున్నారు అని లోపల లోపల అడుక్కుంటది. జవాబు చెప్పేవాళ్ళు ఉండరు. అమ్మానాయన కూలికి పోయి పొద్దుగూకి వస్తారు. ఆ పిల్ల చేతిలో అప్పుడు ఏ కథ ఉందన్నది చిన్న విషయం కాదు.

మరి ఇన్నాళ్ళూ ఏ కథలున్నాయి? 1947 జూలైలో చందమామ మొదలయింది. తెలుగునాట మూడు తరాలు దాన్ని చదివినయ్. మేమూ చదివాం. ఊళ్ళో ఎవరింట్లోనో చదివి పాత కాయితాల్లో పారేసినవి తెచ్చుకుని చదివాం. బాగుండేవి, అబద్ధం చెప్పడం ఎందుకు. చదవడం మీద మాకు ఆశ పుట్టింది వాటితోనే. అయితే ఆ కథల్లో రాజున్నాడు, మంత్రున్నాడు, బీద బ్రాహ్మణుడున్నాడు, తెలివైన వర్తకుడున్నాడు. రాజుగారి కోటకి రాయి మోసినవాళ్ళు ఎవరు? గుర్రం జీను కుట్టిందెవరు? యుద్ధానికి డప్పు కొట్టిందెవరు? వాళ్ళు బొమ్మలో కూడా లేరు. ఉంటే దొంగగానో, మొద్దుగానో ఉన్నారు. కథలు జరిగేది ఇంకొకళ్ళ వీధిలో అని మన పిల్ల నేర్చుకున్నది. తాను రాసిన కథలో కూడా పాత్రలకి శర్మ, శాస్త్రి అని పేర్లు పెట్టుద్ది. మా బడిలో ఇప్పటికీ కథ రాయమంటే మన పిలకాయలు అట్లాగే రాస్తన్నారు. తమ పేరు, తమ తాత పేరు కథకి పనికిరాదని వాళ్ళకి ఎవరూ నోటితో చెప్పలేదు. చదివిన పుస్తకాలు చెప్పినయ్.

పసివాళ్ళకి కులం సంగతులెందుకు, మనసులో విషం పోసినట్టు కాదా అని మాతో పనిచేసే టీచర్లే అంటారు. మన పిలకాయల దగ్గరికి పుస్తకం కంటే ముందే కులం వచ్చేసింది. మంచినీళ్ళ కుండ దగ్గరికి వచ్చింది, కూర్చునే బెంచీ దగ్గరికి వచ్చింది. 1901లో బాబాసాహెబ్ పదేళ్ళ పిల్లవాడు. అన్నతోనూ మేనల్లుళ్ళతోనూ కలిసి తండ్రి దగ్గరికి కోరెగావ్ పోతా మసూర్ స్టేషన్లో దిగాడు. చేతిలో డబ్బులున్నా మహర్లని తెలిసి బండి కట్టినవాడు లేడు. చివరికి రెండింతల బాడిగ ఇచ్చి, బండి వాళ్ళే తోలుకోవాలన్న షరతు మీద బయల్దేరారు. రాత్రంతా తాగను నీళ్ళు పుట్టలేదు. ఇది ఆయనే రాసిపెట్టిన సంగతి. పదేళ్ళకి అనుభవించగలిగిన వాడు పదేళ్ళకి చదవలేడా?

రాయను కూడా రాయగలరు. పూనాలో జోతీబా ఫూలే, సావిత్రీబాయి నడిపిన బడిలో చదువుకున్న ముక్తా సాళ్వే మాంగు కులం పిల్ల. మన మాదిగల లాంటి కులం అది. ఆ పిల్ల మాంగు, మహర్ల కష్టాల మీద వ్యాసం రాస్తే 1855లో జ్ఞానోదయ పత్రికలో అచ్చయింది. మా మతం ఏదో మాకు చెప్పమని దేవుణ్ణే నిలదీసింది. నూటడెబ్బై ఏళ్ళ కింద బడిపిల్ల రాసిన మాట అది. మన పిల్లలకి ఊహ లేదు, భాష లేదు అనేవాళ్ళకి ఈ పేరు చెప్పండి.

ఇప్పుడు పుస్తకాల సంగతికొస్తాం. కొన్ని నిన్న మొన్న వచ్చినవి, కొన్ని పాతికేళ్ళ కిందటివి. మన పల్లెకి ఇంతదాకా రాలేదు కాబట్టి మనకి అన్నీ కొత్తవే.

మొదటిది, హైదరాబాదులో అన్వేషి అనే మహిళా పరిశోధన సంస్థ 2008లో తెచ్చిన పిల్లల కథల వరస. తెలుగు, మలయాళం, ఇంగ్లీషు మూడు భాషల్లో తెచ్చారు. దళితుల ఇళ్ళు, ముస్లింల ఇళ్ళు, చేతిపని చేసుకునేవాళ్ళ ఇళ్ళు మామూలు ఇళ్ళలాగా కనపడే కథలు. అందులో గోగు శ్యామల రాసిన తాటకి కథ ఉంది. తెల్లారకముందే పొలానికి నీళ్ళు పెట్టను పోయిన పిల్ల, మీదికొచ్చిన భూస్వామిని ఎదిరించి గెలిచి ఇంటికొస్తది. రామాయణంలో తాటకి అంటే చంపదగిన రాక్షసి. ఈ కథలో తాటకి మన ఆడపిల్ల ముద్దుపేరు, గెలిచిన పేరు. ఈ కథ పన్నెండేళ్ళు దాటిన పిల్లలకివ్వాలని మా అభిప్రాయం. ఇచ్చేటప్పుడు పక్కన ఒక అక్క కూర్చుని చదవాలి. చదివాక ఆడపిల్లలు మాట్లాడతారు. ఎవరి పొలంలో ఏం జరిగిందో అప్పుడే బయటికొస్తది. వినడానికి సిద్ధపడి ఉండండి.

శ్యామలదే 'ఏనుగంత తండ్రి కన్న ఏకుల బుట్టంత తల్లి నయం' అనే కథల సంపుటి. పెద్దల పుస్తకమే అయినా చాలా కథలు చిన్నపిల్ల కంటితో చూసినట్టుంటాయి. జోగినిని చెయ్యాలని ఊరి పెద్దలు పట్టుబట్టిన పిల్లని తండ్రి హాస్టల్లో చేర్పించను తీసుకుపోయే కథ అందులో ఉంది. జోగిని ఆచారాన్ని నిషేధిస్తూ 1988లోనే చట్టం వచ్చింది. ఒక తండ్రి తన బిడ్డ కోసం ఏం పోగొట్టుకున్నాడో ఆ కథ చెప్పుద్ది. ఏడో తరగతి, ఎనిమిదో తరగతి వాళ్ళకి పెద్దలెవరైనా చదివి వినిపించాలి. వినిపించేవాళ్ళు ముందుగా ఒకసారి చదువుకుని రావాలి.

రెండోది, మన నెల్లూరు జిల్లా కావలి నుంచి మహమ్మద్ ఖదీర్ బాబు రాసిన 'దర్గామిట్ట కతలు', 'పోలేరమ్మ బండ కతలు'. ఇవి మేం క్లాసులో చదివినప్పుడు పిలకాయలు పొట్ట పట్టుకుని నవ్వారు. మన నోట్లో భాష ఉన్నదున్నట్టు అచ్చులో ఉంది. అమ్మ తిట్టు ఉంది, నాయనమ్మ గదమాయింపు ఉంది, పండగ రోజు చేతిలో డబ్బుల్లేని ఇల్లుంది. ముస్లిం ఇల్లు అంటే భయపెట్టే రోజులివి. ఆ ఇంటి గడప లోపలికి మన పిలకాయల్ని చెయ్యి పట్టుకుని తీసుకుపోయే పుస్తకాలు ఇవి. ఆయన రాసిన తలకాయ కూర కథ ఇందాక చెప్పిన అన్వేషి వరసలో కూడా ఉంది. మా ఇంట్లోనూ వండుతారు సార్ అని ఒక పిల్లగాడు చెయ్యెత్తాడు. ఆ ఏడాదిలో వాడు క్లాసులో చెయ్యెత్తడం అదే మొదటిసారి.

మూడోది, 'భీమాయన'. 2011లో నవయాన ప్రచురణ సంస్థ తెచ్చింది. బాబాసాహెబ్ చిన్ననాటి నీళ్ళ సంగతి, ఇందాక చెప్పిన బండి ప్రయాణం, బొమ్మలతో ఉంటాయి. బొమ్మలు వేసింది దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ అనే గోండు కళాకారులు. ఆదివాసీ చేతులు అంబేద్కర్ కథని గీసినయ్. ఇది నిజంగా జరిగిన కథే గానీ, పిలకాయలు బొమ్మ బొమ్మకీ ఆగి చూస్తారు. ఇంగ్లీషు పుస్తకం ఎట్లా చదువుతారంటారా? డిగ్రీ చదివే మన తమ్ముళ్ళున్నారు గదా. పేజీ చూపించి తెలుగులో చెప్తే వాళ్ళ ఇంగ్లీషూ బాగుపడుద్ది.

నాలుగోది, సిద్ధార్థ శర్మ 2018లో రాసిన 'ఇయర్ ఆఫ్ ద వీడ్స్' అనే నవల. ఇదీ ఇంగ్లీషే. కోరోక్ అని గోండు పిల్లవాడు, తోటపని చేస్తాడు. ఒడిశాలో వాళ్ళ కొండ కింద బాక్సైట్ ఉందని గని కంపెనీ వస్తది. ఆ పిల్లవాడు, ఆఫీసరు కూతురొకమ్మాయి, ఊరి జనం కలిసి ఏం చేశారన్నది కథ. నియమగిరి పోరాటం ఈ నవలకి వెనకాల ఉంది. సుప్రీంకోర్టు తీర్పు మీద 2013లో నియమగిరిలో పన్నెండు గ్రామసభలు పెడితే పన్నెండూ గని వద్దన్నాయి. మన విశాఖ మన్యంలోనూ బాక్సైట్ కొండల కోసం ఇదే కొట్లాట జరిగింది. గ్రామసభ అంటే ఏందో సాంఘిక శాస్త్రం పాఠంలో అర్థం కాని పిలకాయలకి ఈ కథలో అర్థమవుద్ది.

అయిదోది, సముద్రాల అవతల నల్లవాళ్ళ పిల్లల కథలు. మిల్డ్రెడ్ టేలర్ అనే నల్లజాతి రచయిత్రి 1976లో 'రోల్ ఆఫ్ థండర్, హియర్ మై క్రై' అనే నవల రాసింది. అమెరికాలో మిసిసిపి రాష్ట్రం, 1933 నాటి కథ. నల్లపిల్లల బడికి పాఠ్యపుస్తకాలు వస్తాయి. తెల్లపిల్లలు ఏళ్ళ తరబడి వాడి, చిరిగిపోయాక పంపినవి. అట్ట లోపల ఒక పట్టీ ఉంటది. ఏ ఏడు ఏ జాతి పిల్లకిచ్చారో, అప్పుడు పుస్తకం ఎంత బాగుందో అందులో రాస్తారు. పుస్తకం బాగా పాడయిపోయిన ఏటి దగ్గర నల్లజాతి అని రాసి ఉంది. ఆరేళ్ళ బుడ్డోడు అది చదివి పుస్తకాన్ని కిందేసి తొక్కుతాడు. దెబ్బలు తింటాడు. వాళ్ళమ్మ కూడా ఆ బడిలో టీచరే. ఆమె కొడుకుని కొట్టలేదు, తిట్టలేదు. కాయితాలు కత్తిరించి తన క్లాసు పుస్తకాల్లో ఆ పట్టీల మీద అంటించింది. ఈ కథ చెప్పాక మన పిలకాయలకి ఎవరూ ఏమీ విడమర్చి చెప్పనక్కర్లేదు. హాస్టల్లో అందిన చినిగిన దుప్పటి సంగతి, ఊళ్ళో వాళ్ళ పాత బట్టల సంగతి వాళ్ళే ఎత్తుతారు. టీచర్లు కూడా చదవాలి ఈ నవల. ఆ తల్లి లాంటి టీచర్లు మన బడులకి కావాలి.

అదే దేశం నుంచి 2019లో జెర్రీ క్రాఫ్ట్ 'న్యూ కిడ్' అని బొమ్మల నవల తెచ్చాడు. 2020లో దానికి న్యూబరీ బహుమతి వచ్చింది. బొమ్మల నవలకి ఆ బహుమతి రావడం అదే మొదలు. జోర్డాన్ అనే నల్లపిల్లవాడు డబ్బున్నోళ్ళ బడిలో చేరతాడు. అక్కడ నల్లపిల్లలు కొద్దిమందే. ఒక నల్లపిల్లవాడిని ఇంకొక నల్లపిల్లవాడి పేరుతో పిలుస్తుంటారు టీచర్లు. కొట్టరు, తిట్టరు, నవ్వుతానే అవమానిస్తారు. పట్నంలో పెద్ద బడులకి పోయే మన పిలకాయలకి ఈ పుస్తకం బాగా పనికొస్తది.

చేతిలో డబ్బుల్లేనివాళ్ళకి ఒక దారి ఉంది. ప్రథమ్ బుక్స్ వాళ్ళు 2015లో స్టోరీవీవర్ అని మొదలుపెట్టారు. తెలుగు కథలు ఫోన్లో ఊరికే దొరుకుతాయి. అచ్చు తీసుకుని కుట్టుకోవచ్చు, తప్పు లేదు. అందులో చిన్నవాళ్ళ కథలే ఎక్కువ, ఏరుకోవాలి. సికింద్రాబాదులో మంచి పుస్తకం వాళ్ళు, 1980 నుంచీ ఉన్న హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వాళ్ళు తక్కువ ధరలో పుస్తకాలు వేస్తారు. పోస్టులో తెప్పించుకోవచ్చు.

మా జాబితా ఇంతే. రేపు ఇంకో పది పుస్తకాలొస్తాయి. 2010 నుంచి కేంద్ర సాహిత్య అకాడమీ బాల సాహిత్యానికి ఏటా బహుమతి ఇస్తోంది. 2024లో తెలుగులో పి. చంద్రశేఖర్ ఆజాద్ రాసిన 'మాయాలోకం' నవలకి వచ్చింది. బహుమతి వచ్చినా రాకపోయినా పుస్తకం చేతికొచ్చినప్పుడు మనం నాలుగు ప్రశ్నలు అడగాలి.

ఒకటి, ఈ కథలో మనవాళ్ళు పని చేసేవాళ్ళా, పని పడినవాళ్ళా? అంటే కథని నడిపేది మన పిల్లేనా, లేక దయగల పంతులుగారో దొరగారో వచ్చి మన పిల్లని ఉద్ధరిస్తున్నాడా? ఉద్ధరణ కథలు చానా వస్తన్నాయి. చదివి అగ్రకులం పిల్ల కన్నీళ్ళు పెట్టుకుంటది, మన పిల్ల తల దించుకుంటది. అట్లాంటివి వద్దు.

రెండు, తిండి, పని, దేవత, భాష ఎట్లా ఉన్నాయి? చెప్పు కుట్టడం, చాకిరేవు, వల వెయ్యడం, దుక్కి దున్నడం విద్యలుగా కనపడుతున్నాయా, మురికిగా కనపడుతున్నాయా?

మూడు, ఆడపిల్ల ఏం చేస్తంది? నీళ్ళు తెచ్చి అన్నకి అన్నం పెట్టి కథలోంచి వెళ్ళిపోతందా?

నాలుగు, నవ్వుందా? ఇది మరవొద్దు. మన పిలకాయలకి ఏడుపు కథలే ఇస్తే పుస్తకమంటేనే పారిపోతారు. మన బతుకులో కారంచేడు ఉంది, 1985. చుండూరు ఉంది, 1991. అవి చెప్పాల్సిన వయసులో చెప్తాం. కానీ చెరువులో ఈతా ఉంది, కోతికొమ్మచ్చీ ఉంది, అమ్మమ్మ చెప్పే దయ్యాల కథా ఉంది. రాకెట్ ఎక్కి చంద్రుడి మీదికి పోయే పిల్ల మాలపల్లె పిల్ల ఎందుకు కాకూడదు? చందమామ కథలూ, మాయల ఫకీరు కథలూ కూడా బీరువాలో పెట్టండి. ఏదీ తగలెయ్యొద్దు. వాటి పక్కన మన కథలుంటే పోల్చుకునే తెలివి పిలకాయలకి దానంతటదే వస్తది.

ఇక చదివించే పద్ధతి. సాయంత్రం దీపాలు పెట్టే వేళ అరగంట ఒకరు గట్టిగా చదవాలి. చుట్టూ పిలకాయలు, వెనకాల పని నుంచి వచ్చిన అమ్మలు కూర్చోవాలి. అక్షరం రాని తల్లి కూడా కథకి తీర్పు చెప్పగలదు. అయిపోయాక ఇందులో నీతి ఏంది అని అడగొద్దు. పరీక్ష పెట్టొద్దు. బీరువా తాళంచెవి ఏడో తరగతి ఆడపిల్ల చేతిలో ఉండాలి. పుస్తకం చిరిగితే కొట్టొద్దు. చిరిగిందంటే చదివారని అర్థం. బీరువాలో భద్రంగా ఉన్న పుస్తకం చెదలకి పనికొస్తది. మాలపల్లె పిలకాయలు, మాదిగపల్లె పిలకాయలు, యానాది, ఎరుకల పిలకాయలు ఒకే చాప మీద కూర్చోవాలి. అది ఈ గదికి మొదటి నియమం.

డబ్బు మాట. చందాల మీదే ఈ గది నడవాలని ఎవరన్నారు? 1960 గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు మన దగ్గర వసూలవుతోంది. గుడిసెకీ పన్ను కడుతున్నాం. ఆ పైసలతో జిల్లా గ్రంథాలయ సంస్థ ఏ పుస్తకాలు కొన్నదో అడుగుదాం. 2018 నుంచి నడుస్తున్న సమగ్ర శిక్షలో బడి గ్రంథాలయానికి 5 వేల నుంచి 20 వేల దాకా గ్రాంటు పెట్టారు. మన బడికి ఎంత వచ్చింది, ఏం కొన్నారు, బీరువా తాళం ఎన్నాళ్ళకొకసారి తీస్తన్నారు? తల్లిదండ్రుల కమిటీలో లేచి అడగండి. జవాబు చెప్పకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. దరఖాస్తు మేం రాసిపెడతాం, సంతకం మీరు చెయ్యండి. ఈ జాబితాను దరఖాస్తుకి జత చేసి, ఇవి కొనండి అని అడుగుదాం. అడుక్కోవడం కాదిది, మనం కట్టిన పన్నుకి లెక్క అడగడం.

చివరి మాట చదువుకున్న మన తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి. ఈ జాబితా చదువుతుంటే మీకే తెలిసి ఉంటది, అందులో సగం ఇంగ్లీషువి, కొన్ని పెద్దల కోసం రాసినవి. పదేళ్ళ పిల్ల కోసమే, మన పల్లె భాషలో, మనవాళ్ళు రాసిన నవలలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని కూడా మాకు కనపడలేదు. డప్పు నేర్చుకునే పిల్ల నవల కావాలి. పులికాట్ లో తండ్రితో పడవెక్కే యానాది పిల్లవాడి నవల కావాలి. హాస్టల్ గోడ దూకి సినిమాకి పోయే నలుగురు దోస్తుల నవల కావాలి. మీరు పోస్టర్లు రాస్తారు, పాటలు కడతారు, కరపత్రాలు వేస్తారు. కథ కూడా రాయండి. మొదట చదివి వినిపించడానికి ఈ చాప ఉంది, వినే చెవులు ముందు వరసలోనే ఉన్నాయి.

వచ్చే అమావాస్య మీటింగుకి మూడు పనులు కావాలి. మూడో వంతు డబ్బు తీర్మానం రాసుకోవాలి. మొదటి పది పుస్తకాలకి పోస్టులో డబ్బు కట్టాలి. సాయంత్రం చదివేవాళ్ళ పేర్లు వారానికొకరు చొప్పున గోడ మీద రాయాలి. మొదటి వారం మా పేరు రాసుకోండి.

జై భీమ్.